ఈశాన్యం మూల అతుకు

మా బావగారి లాంచీకి ఆరు కిటికీలు. కిందటి వానాకాలం నాటికి ఆరూ కారేవి, ఒక్కోటి ఒక్కో తీరున. ఒకటి జల్లు పడగానే మొదలెట్టేది. ఒకటి వాన వెలిశాక తీరిగ్గా కారేది. ఇంకోటి పడవ పక్కకి ఒరిగినప్పుడు మాత్రమే గుర్తొచ్చినట్టు, దాచుకున్న నీళ్ళన్నీ ఒక్కసారిగా ఒళ్ళో పోసేది. అద్దాల చుట్టూ ఉండే రబ్బరు ఎండకి ఎండి, పగిలి, గోటితో గీకితే నల్లటి పొడి రాలేది. ఆ పగుళ్ళలో మా బావగారు చేతికందినవన్నీ కూరారు. పాత సైకిలు ట్యూబు ముక్కలు, కొవ్వొత్తి మైనం, సిలికాను, పాలిథిన్ సంచులు, చివరికి మా అక్క పాత జాకెట్టు గుడ్డ. ఏం కూరినా నీళ్ళు దాని పక్కనుంచి దారి చూసుకునేవి.

లాంచీ అంటే పెద్దదేమో అనుకునేరు. ఒకప్పుడు కొల్లేట్లో పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళని తిప్పిన ఫైబరు పడవ అది. నడుమ బల్లలు వేసిన చిన్న గది, ఆ గదికి బస్సుకి ఉన్నట్టు కదలకుండా బిగించిన అద్దాలు. తిప్పినవాళ్ళకి విసుగొచ్చి అమ్మేస్తే మా బావగారు కొనుక్కుని, దానికి పంపుసెట్టు ఇంజను బిగించి, చేపల చెరువులకి మేత బస్తాలు మోయించేవారు. ఇంట్లో అందరూ లాంచీ అంటారు కనక నేనూ అలాగే అంటాను. బస్తాలు మోసినంత కాలం కిటికీలు కారినా ఎవరికీ పట్టలేదు, మీద టార్పాలిన్ కప్పితే సరిపోయేది. మా అక్కకి కిడ్నీలు పాడయ్యాక ఆ కిటికీలు మా అందరి ప్రాణం మీదికీ వచ్చాయి.

అక్కా వాళ్ళ ఇల్లు కొల్లేటి అంచున, చెరువుల మధ్య ఎత్తు చేసిన మెరక మీద ఉంటుంది. గుండుగొలను వైపు నుంచి వచ్చే రోడ్డు వేసవిలో ఇంటి దాకా బాగానే వస్తుంది. వానలు ముదిరి, పైనుంచి వాగుల నీళ్ళు కొల్లేట్లోకి దిగాయంటే రోడ్డు చివరి భాగం మునిగిపోతుంది. మళ్ళీ ఎప్పుడు తేలాలో దాని ఇష్టం. అప్పుడు ఇంటి రేవు నుంచి రోడ్డు మునగని గట్టు దాకా లాంచీ, గట్టు దగ్గర్నుంచి దెందులూరు మీదుగా ఏలూరికి కారు. సోమవారం, గురువారం డయాలసిస్. వాన వచ్చినా వరద వచ్చినా ఆ రెండు రోజులూ మారవు.

నేను ఏలూరులోనే ఉంటాను. ఒక ఆఫీసులో గుమస్తాగా చేరి, గుమస్తాగానే కుర్చీ దిగాను. రిటైరయ్యాక విశ్రాంతి అని అందరూ అంటారు. అది దొరికినవాళ్ళని ఒకసారి చూపించమని అడగాలి. వారానికి రెండుసార్లు ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, మా బావగారికి ఫ్లాస్కులో టీ, సాయంత్రానికి అక్కని పట్టుకుని కారెక్కించి, కారు దింపి, లాంచీ ఎక్కించి, ఇంటిదాకా దిగబెట్టడం. నా మోకాళ్ళూ అంతంత మాత్రమే. నాకు అలసటగా ఉండేది. అలసటగా ఉందని చెప్పుకోవడానికి సిగ్గుగానూ ఉండేది, ఎందుకంటే అసలు అలిసిపోయిన మనిషి నా పక్కనే కూర్చునుండేది.

మిషను మీంచి దిగాక అక్క మాట్లాడదు. పిండి ఆరేసిన బట్టలా ఉంటుంది. లాంచీలో ఎడమవైపు ముందు కిటికీ కింద బల్ల మీద తలగడ వేసుకుని పడుకుంటుంది. కిందటేడు అలా పడుకునే తడిసింది. తల, మెడ, చీర అన్నీ తడిసి, ఇంటికి చేరేసరికి వణుకు పట్టుకుని, జ్వరం ఛాతీలోకి దిగి, ఆస్పత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఎలాగో బయటపడింది. బయటపడి ఇంటికొచ్చాక మా ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒక మాట అంది.

"వచ్చే వానాకాలం ఇలా మళ్ళీ ఒక్కసారి తడిశానంటే ఇంక ఆ మిషను దగ్గరికి రాను. నన్నెవరూ బతిమాలకండి. బతిమాలితే కాదనే ఓపిక కూడా లేదు నాకు."

కోపంలో అన్న మాటైతే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. కోపంలో మా అక్క చాలా అంటుంది. ఈ మాట మాత్రం కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా అంది. అందుకే నాకు భయమేసింది. మిషను మానేస్తే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు.

వానలు వెళ్ళేదాకా మా ఇంట్లో ఉండొచ్చు కదా అని మీరడగొచ్చు. నేను అడగని రోజు లేదు. ఒక ఏడాది ఉంచుకున్నాం కూడా. మా ఆవిడ ఏ లోటూ చెయ్యలేదు. అయినా అక్క రోజురోజుకీ మాట తగ్గించేసి, కిటికీ పక్కన కూర్చుని ఎదురింటి గోడ చూసేది. చెరువుల్లో గాలి తిప్పే మిషన్లు, గేదెలు, కూలీల భోజనాలు వదిలి మా బావగారు రాలేరు. ఆయన లేకుండా అక్కకి నిద్రపట్టదు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ పైకి ఒప్పుకోరు. "మీ ఇంట్లో నీళ్ళ చప్పుడు లేదురా" అని మాత్రం అంది నాతో.

నీళ్ళ మాట వచ్చింది కనక అదీ చెప్పాలి. అక్కకి నీళ్ళ మీద కట్టడి. ఒంట్లోకి వెళ్ళిన నీరు బయటికి పోదు కనక రోజంతటికీ ఒక చిన్న సీసాడే. మాత్రలు మింగడానికైనా, మజ్జిగ అయినా, కాఫీ అయినా అందులోంచే లెక్క. పొద్దున్న ఆ సీసా నింపి ఇచ్చేది మా బావగారు, సాయంత్రం ఎంత మిగిలిందో చూసేదీ ఆయనే. దాహం వేస్తే అక్క నిమ్మతొక్క నోట్లో పెట్టుకునేది, ఏలక్కాయ నమిలేది, నోరు పుక్కిలించి ఊసేసేది. ఇంటి చుట్టూ నాలుగు వైపులా నీళ్ళు. "ఇన్ని నీళ్ళెందుకురా దేవుడా, కళ్ళకా" అనేది అప్పుడప్పుడూ. మేము నవ్వేవాళ్ళం. తను నవ్వేది కాదు.

ఇక మా బావగారి సంగతి. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఒకప్పుడు ముహూర్తాలూ వాస్తూ అంటే పగలబడి నవ్వేవారు. నా గృహప్రవేశానికి వచ్చి, "ఏవోయ్, గుమ్మం ఎటుంటే ఏవిటి, కాళ్ళు పట్టాలి గానీ" అన్న మనిషి. అక్కకి జబ్బు బయటపడ్డాక ఎవరో సిద్ధాంతిగారు వచ్చి, ఈశాన్యంలో బరువుంది, అందుకే ఇల్లాలికి సుస్తీ అన్నారు. ఆ బరువు మేడమీద ట్యాంకు. దాన్ని నైరుతికి మార్పించారు. అక్కడితో ఆగితే బాగుండేది. వంటింటి గుమ్మం మారింది, మెట్లు మారాయి, గేదెల పాక మారింది. అక్క జబ్బు మాత్రం మారలేదు. డయాలసిస్ గదిలో మంచం తల ఉత్తరం వైపుందని నర్సుతో వాదిస్తే, ఆ అమ్మాయి ఓపిగ్గా, "మిషను తిప్పలేమండి, మీ ఆవిణ్ణి తిప్పుకోండి" అంది. సోమవారం పొద్దున్న బయల్దేరే వేళకి రాహుకాలం ఉంటుంది. అందుకని అక్క ఆస్పత్రి సంచీ తెల్లారకుండానే పట్టుకెళ్ళి లాంచీలో పెట్టి వచ్చేవారు. సామాను ముందే బయల్దేరింది కనక మనిషి కూడా బయల్దేరినట్టే లెక్కట. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. లెక్కల మాష్టారు కదా, ఏదో ఒక లెక్క ఉండాలి.

నాకు ఒళ్ళు మండేది. పైకి అనేవాణ్ణి కాదు.

ఈ ఏడు వానలు రాకముందే రబ్బరు మార్చేద్దామని నేనే పట్టుబట్టాను. పాత రబ్బరు జానెడు ముక్క కోసి, కవర్లో పెట్టుకుని ఏలూరు బజారంతా తిరిగాను. కార్లకి ఉంది, ఇది కాదన్నారు. తలుపులకి ఉంది, అదీ కాదు. చివరికి తాడేపల్లిగూడెంలో లారీ బాడీలు కట్టేవాళ్ళకి సామాను అమ్మే షాపొకటుందని ఒకాయన చెబితే బస్సెక్కాను. రైసుమిల్లు లారీల మధ్య ఎండలో నడిచి, ఆ షాపు పట్టుకునేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. షాపతను ముక్కని అటూ ఇటూ వంచి చూసి, లోపల్నుంచి నల్లటి చుట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఇదేనండి. ఒక గాడిలో అద్దం కూచుంటాది, రెండో గాడిలో మీ పడవ అంచు కూచుంటాది. లాక్కండి, లాగితే తర్వాత ముడుచుకుపోద్ది. కాస్త ఎక్కువుంచి కోసుకోండి. సబ్బునీళ్ళు రాసి, గాడిలో తాడెట్టి లాగితే అదే ఎక్కేస్తాది."

"అతుకు ఎక్కడ రావాలి?"

"పైన, మజ్జిలో అండి. కిందా రాకూడదు, మూలా రాకూడదు. మూలకాడ రబ్బరు సాగుతాది కదండి, నోరు తెరుస్తాది. ఆయ్."

ఆ చుట్ట బరువు తక్కువేం కాదు. భుజాన వేసుకుని బస్టాండుకి వస్తుంటే, ఇది బిగిస్తే చాలు, ఇంక అక్క తడవదు అనుకున్నాను. ఎన్నాళ్ళకో నా చేతిలో ఒక పనికొచ్చే వస్తువు ఉన్నట్టనిపించింది.

ఆదివారం పొద్దున్నే మొదలెట్టాం. లాంచీని కూలీల చేత గట్టు మీదికి లాగించి ఉంచారు మా బావగారు. పాత రబ్బరు పీకడానికే పూట గడిచింది. కొన్నిచోట్ల చాకుతో గీకాలి, కొన్నిచోట్ల కిరసనాయిలు పోసి నానబెట్టాలి. ఆయనే కూరిన సిలికాను, ఆయనే కూరిన మైనం, ఆయనే తిట్టుకుంటూ పీకారు. జాకెట్టు గుడ్డ బయటికి రాగానే అక్క చూసి, "అది నా పెళ్ళినాటిదండీ" అంది. పాక నీడలో కుర్చీ వేయించుకుని, ఒళ్ళో సీసా పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. ఆ రోజు డయాలసిస్ లేదు కనక కాస్త మనిషిలో ఉంది.

మొదటి కిటికీకి రబ్బరు చుట్టే వేళకి మా బావగారు జేబులోంచి ఫోను తీశారు. ఎవరికో చేస్తారేమో అనుకున్నాను. ఫోనులో దిక్సూచి పెట్టారు.

"పడవ మూతి సరిగ్గా ఈశాన్యానికే ఉంది" అన్నారు తృప్తిగా. "లాగించేటప్పుడే చూసుకున్నాను. అంచేత ప్రతి కిటికీకీ ముందువైపు కింద మూల ఈశాన్యం అవుతుంది. అతుకు అక్కడ."

"అతుకు పైన మధ్యలో రావాలన్నాడండి షాపతను. కింద వద్దన్నాడు, మూల అసలే వద్దన్నాడు."

"అతనికేం తెలుసోయ్. నీరు ఎటు పోవాలి? ఈశాన్యానికి. పల్లం ఎటుండాలి? ఈశాన్యానికి. సందు అంటూ ఉంటే అది ఉండాల్సింది అక్కడే. పైన పెడితే ఏవవుతుంది, నెత్తిన బరువు."

"ఇది ఇల్లు కాదు బావగారూ. పడవ. తిరుగుతుంది."

"తిరిగి తిరిగి ఎక్కడికొచ్చి ఆగుతుంది? మన రేవులోనే కదా. ఆగిన చోటే లెక్క."

"ఏవండీ" అంది అక్క కుర్చీలోంచి, "భూమి కూడా తిరుగుతుందని బళ్ళో మీరే చెప్పేవారు కదండీ."

"నువ్వూరుకో" అన్నారాయన. అన్నాక ఆవిడ వైపు చూసిన చూపు మాత్రం గదమాయించేది కాదు. నీ కోసమే కదా అన్నట్టుంది. ఆ చూపు చూశాక నాకు వాదించాలనిపించలేదు. ఈ మనిషి భార్యకి మందు ఇవ్వలేడు, ఆవిడ ఒంట్లో నీరు తీయలేడు. ఆయన చేతిలో మిగిలింది దిక్కులే. సర్లే, కొత్త రబ్బరు కదా, ఎక్కడ అతికితే ఏం అనుకున్నాను. అసలు కారణం అదీ కాదు. నాకు ఓపిక లేదు.

నేను బయట నిలబడి అరచేతులతో అద్దాన్ని లోపలికి నొక్కాలి, ఆయన లోపల కూర్చుని గాడిలో పెట్టిన తాడు కొసలు లాగాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి అంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. మధ్యలో అద్దం ఉండడం వల్ల ఆయన మాటలు నాకు వినపడలేదు. పెదాలు కదులుతున్నాయి, చెయ్యి ఊపుతున్నారు. అక్కకి పెళ్ళై ఇన్నేళ్ళలో ఆయన మాట వినపడకుండా ఆయన్ని చూడ్డం అదే మొదలు. ఎంత నీరసంగా ఉన్నారో అప్పుడు కనిపించింది. చెంపలు లోపలికి పోయాయి. గడ్డం చేసుకున్న చోట కూడా చిన్న గాటు. మాట ఆగితే మనిషి ముసలాయనే.

సాయంత్రానికి ఆరు కిటికీలూ అయ్యాయి. నల్లగా, నిగనిగలాడుతూ, కొత్త చెప్పుల వాసన వేస్తూ బాగానే ఉన్నాయి. అతుకుల దగ్గర జిగురు పెట్టి, పసుపూ కుంకుమా బొట్లు కూడా పెట్టారు మా బావగారు. అక్క లేచి వచ్చి ప్రతి కిటికీనీ వేలితో తడిమి చూసింది. "బావుంది" అంది. ఆ మాట కోసమే కాచుకున్నట్టు మా బావగారు అక్కడే గట్టు మీద కూలబడిపోయారు.

తర్వాత కొన్నాళ్ళు వాన లేదు. రోడ్డు మునిగినా పైన ఆకాశం పొడిగానే ఉండేది. వాన లేనప్పుడు కారని కిటికీలని చూసి మేము సంతోషించాం.

ఆ సోమవారం మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. తిరుగుదారిలో గట్టు దగ్గర అక్కని లాంచీ ఎక్కిస్తుండగానే ఈదురుగాలి లేచింది. అక్క తన బల్ల మీద పడుకుంది, నేను ఎదురు బల్ల మీద కూర్చున్నాను, మా బావగారు వెనక టార్పాలిన్ కింద ఇంజను దగ్గర ఉన్నారు. నాలుగు చెరువులు దాటామో లేదో, వాన ఎదురుగా వచ్చి కొట్టింది. పడవ ముందుకి పోతుంటే వాన వెనక్కి పోతుంది కదా. కిటికీల ముందు అంచుల మీదే పడింది జోరంతా. అద్దం మీంచి జారిన నీళ్ళన్నీ వచ్చి చేరేదీ అక్కడే, కింద మూలకే. మేం ఆరు కిటికీలకీ ఏరి కోరి అతుకు పెట్టిన మూలకే.

మొదట మూల దగ్గర తడి మెరుపొకటి కనిపించింది, పసుపు బొట్టు కిందికి జారుతోంది. తర్వాత చుక్క. తర్వాత చుక్క వెనక చుక్క. నా పక్క కిటికీ, దాని వెనకది, అటుపక్కవి, అన్నీ. షాపతను చెప్పినట్టే మూలల దగ్గర రబ్బరు సాగి నోరు తెరిచింది. నేను లేచి అక్క దగ్గరికి వెళ్ళాను. తలగడ తడిసింది. చెంప తడిసింది. అక్క మొహం గోడవైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని ఉంది, ఆ చుక్క కిందే.

"ఇటు జరుగు అక్కా. తడుస్తున్నావు."

"ఉండనీరా."

"జ్వరం వస్తుందే. లే, ఇటు వచ్చి కూర్చో."

"ఉండనీరా. నన్ను కదపకు."

ఆ గొంతులో విసుగు కూడా లేదు. ఇక అయిపోయింది అనుకున్నాను. ఇదే ఆ ఒక్కసారి. ఇంక రానంటుంది, అందుకే జరగనంటోంది. నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. తలుపు తీసి ఇంజను చప్పుడు మించి అరిచాను. "వచ్చి చూడండి బావగారూ మీ ఈశాన్యం. మహా శ్రేష్ఠంగా ఉంది."

ఆయన ఇంజను నెమ్మది చేసి లోపలికి వంగి చూశారు. ఆరు మూలలూ చూశారు. అక్కని చూశారు. భుజం మీది తువ్వాలు తీసి, పిండి, ఆవిడ మెడ చుట్టూ కప్పి వెనక్కి వెళ్ళిపోయారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది అనిపించింది, కానీ అనేశాను.

ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను. జ్వరం రాలేదు. వస్తుందేమోనని మేమిద్దరం వంతులవారీగా నుదురు ముట్టుకుని చూస్తుంటే, "ఇలా తడుముతుంటే నిద్రెలా పడుతుందిరా" అని అక్క విసుక్కుంది. గురువారం మాట మాత్రం ఆవిడా ఎత్తలేదు, మేమూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని.

పొద్దున్న లేచేసరికి మా బావగారు మంచం మీద లేరు. గట్టు మీదికి వెళితే లాంచీ పైకి లాగి ఉంది. మూతి ఎటుందో ఈసారి ఎవరూ చూసుకున్నట్టు లేదు. అక్క పడుకునే చోట అద్దం అప్పటికే ఊడదీసి, గడ్డి మీద పెట్టారు. గాడిలోంచి రబ్బరు లాగుతున్నారు.

"పైన మధ్యలో అన్నాడు కదూ?" అన్నారు నన్ను చూడకుండానే.

"అన్నాడండి." నిన్నటి మాటకి ఏదో సర్దిచెబుదామని, "సిద్ధాంతిగారిని ఒకసారి" అని నవ్వబోయాను.

"నైరుతిలో పెట్టమంటే నైరుతిలో పెడతానోయ్. యముడి దిక్కున పెట్టమన్నా పెడతాను. ఆవిడ తడవకూడదు. అంతే."

నేను సబ్బునీళ్ళ బకెట్టు తెచ్చి పక్కన కూర్చున్నాను. ఆరు కిటికీలూ మళ్ళీ మొదట్నుంచి. ఒకసారి చేసిన పని రెండోసారి చేస్తుంటే ఒళ్ళు రెండింతలు నొప్పులు పుడుతుంది. నేను బయట, ఆయన లోపల. ఈసారి అద్దం అవతల ఆయన పెదాలు కదల్లేదు. ప్రతి అతుకూ పైకి, నడిమికి తెచ్చి, జిగురు పెట్టి, ఆరాక బకెట్లతో నీళ్ళు కొట్టి చూశాం. బొట్లు పెట్టలేదు. అక్క ఆ రోజు బయటికి రాలేదు.

గురువారం పొద్దున్న మేమిద్దరం ఇంటి వరండాలో నిలబడి ఉన్నాం. లోపల్నుంచి సంచీ చప్పుడైంది. అక్క చీర మార్చుకుని వచ్చింది.

"ఈసారికి వస్తాను" అంది. "సోమవారం సంగతి నన్నడక్కండి." రెండు మెట్లు దిగి ఆగింది. "వర్జ్యం చూశారా అండీ?"

"చూళ్ళేదు" అన్నారు మా బావగారు. అక్క ఆయన వైపు ఒక్క క్షణం చూసి, ఆయన భుజం పట్టుకుని మిగిలిన మెట్లు దిగింది.

తిరుగు ప్రయాణంలో వాన దంచి కొట్టింది. సోమవారం కంటే ఎక్కువే. నేను కూర్చోలేకపోయాను. ఒక్కో కిటికీ దగ్గరికీ వెళ్ళి మూల మూలా తడిమాను. పొడి. అద్దాల మీంచి ధారలు కారుతున్నాయి, బయట చెరువుగట్లు కూడా కనిపించడం లేదు, లోపల మాత్రం బల్ల మీద ఒక్క చుక్క లేదు. నాకు గట్టిగా అరవాలనిపించింది. ఇన్నేళ్ళ చాకిరీలో ఒక్క పని, మొదలు పెట్టింది పెట్టినట్టు పూర్తయింది.

"చూశావా అక్కా? కారట్లేదు."

అక్క మొహం కిటికీ వైపే ఉంది. చెయ్యెత్తి, వేలితో ఆ కింద మూల నెమ్మదిగా రాసింది. వేలు కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది.

"బాగా చేశారు" అంది. "ఇంక ఒక్క చుక్క కూడా రాదన్నమాట" అంది.

"రాదు. నువ్వు తడవవు."

"మొన్న నాలుక తడిసిందిరా" అంది అక్క. "ఎన్నాళ్ళకో. సీసా లెక్కలోది కాదు అది. పైనుంచి చల్లగా వచ్చి పెదాల మీద పడుతుంటే నోరు తెరుచుకుని పడుకున్నాను. నువ్వేమో జరుగు జరుగంటావు."

మిషను మీంచి దిగాక ఆవిడ నోరు ఎలా ఎండుకుపోతుందో ఇన్ని సోమవారాలు, ఇన్ని గురువారాలు పక్కనే కూర్చుని చూశాను. పొడిగా ఉంచాలి, పొడిగా ఉంచాలి అనుకున్నానే గానీ ఆవిడకి కావలసింది తడి అని నాకు తట్టనేలేదు.

వెనక ఇంజను ఆగిపోయింది. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. చెడిపోయిందేమోనని తలుపు వైపు చూశాను. తలుపు తెరిచే ఉంది, అక్క మాటలు ఆయన విన్నట్టున్నారు. మా బావగారు టార్పాలిన్ కిందనుంచి బయటికి వచ్చి, వానలో నిలబడి, అరచెయ్యి దోసిలిగా చాపి ఉంచారు. తలంతా తడిసి, చొక్కా ఒంటికి అంటుకుపోయింది. తర్వాత లోపలికి వచ్చారు. చేతిలో నీళ్ళు దారిలోనే సగం కారిపోయాయి. బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తడి వేళ్ళతో అక్క పెదాలు తుడిచారు. నేనున్నానన్న సంకోచం కూడా లేదు. నాకు తెలిసినంతలో నా ముందు ఆయన ఆవిడ చెయ్యి కూడా ఎప్పుడూ పట్టుకోలేదు.

అక్క కళ్ళు తెరవలేదు. నాలుకతో పెదవి తడుముకుంది.

"ఇంకోసారండీ" అంది.

ఆయన మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. పడవ ఎటో నెమ్మదిగా తిరిగిపోతోంది, దాని మూతి ఎటుందో ఎవరికీ పట్టలేదు. నేను అటు తిరిగి, పొడిగా ఉన్న కిటికీని తువ్వాలుతో తుడుస్తూ నిలబడ్డాను.

"సోమవారం కూడా ఇలాగే వాన ఉంటుందంటారా అండీ?" అని అక్క అడగడం వినిపించింది.

మా బావగారు చొక్కా కొసతో మొహం తుడుచుకున్నారు, చొక్కా ఇంకా తడిగా ఉంది.

"ఉంటుంది" అన్నారు. "ముసురు పట్టింది కదా, ఇప్పట్లో వదలదు." అని ఇంజను తిప్పడానికి వెనక్కి వెళ్ళారు.